బొట్టు కింది ఎర్రదీపం

తొంభైల చివర్లో నార్కట్‌పల్లిలో ఒక పటేలు దగ్గర కారు నడిపేవాణ్ణి. ముల్లు తిరిగే మీటరు కాదు, అంకెలు వెలిగే మీటరున్న కొత్త బండి. ఇంజన్ వేడెక్కితే ఆ మీటరు అద్దం మూలన చిన్న ఎర్రదీపం వెలగాలి. అద్దం మీద అంత జాగా ఉండగా, దసరా పూజనాడు పటేలు సరిగ్గా ఆ దీపం మీదే పసుపు, కుంకుమ దట్టంగా మెత్తాడు.

"పటేలా, గా దీపం కనవడ్తలేదు. జర తుడుస్త" అన్నాను.

"పూజ బొట్టు తుడుస్తరారా? అందుల నువ్వు సాయిబువి. దాని మీద చెయ్యి వెట్టకు" అన్నాడు.

నెల తిరక్కుండానే కల్వకుర్తి దారిలో నీళ్ల గొట్టం పగిలింది. పొగ లేచేదాకా నాకు తెలియలేదు. ఇంజన్ పోయింది.

కొత్త మీటరు నడిపేవాళ్లకు వీలుగా ఉందో లేదో కనుక్కోవడానికి కారు కంపెనీ మనిషి వచ్చాడు. నడిపేవాణ్ణి నేను పక్కనే ఉన్నా, అడగడం మాత్రం పటేలునే అడిగాడు. ఏనాడూ స్టీరింగు ముట్టని పటేలు, "మీటర్ మస్తుగున్నది సార్. మావోడే సూసుకోలే" అన్నాడు.

కంపెనీ మనిషి లోపలికి వంగి, జేబురుమాలు తీసి ఆ బొట్టును శుభ్రంగా తుడిచేశాడు. తాళం తిప్పగానే, పనిచేస్తున్నానని చూపేందుకు అన్ని దీపాలతోపాటు ఎర్రదీపం వెలిగింది.

"దీపం బాగానే ఉంది కదా, నువ్వెందుకు చూడలేదు?" అన్నాడు. నన్నడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

నేను పటేలు వైపు చూశాను. పటేలు ఆయన చేతిలో ఎర్రబడిన రుమాలు చూశాడు.

"ఛాయ్ తాగుతరా సార్?" అన్నాడు.