ఉప్మా దేశం

నాకు షుగరు కదా, పొద్దున్నే మా కోడలు గోధుమ రవ్వ వేయిస్తుంది. ఆ వాసనతోనే మెలకువ వస్తుంది. అనంతపురంలో మూడో అంతస్తు ఇంట్లో ఉన్నదాన్ని, కళ్లు తెరవకుండా అట్లాగే పడుకుంటే, మడకశిర పక్కన మా ఊరి బడి వెనకాల, వేపచెట్టు కింద మూడు రాళ్ల మీద ఉప్మా ఉడుకుతున్న పెద్ద డేగిసా ముందు సత్తు తట్ట పట్టుకుని నిలబడి ఉంటాను.

అవి వానలు మొహం చాటేసిన ఏండ్లు. ఎర్రమన్ను గాలికి లేచి కొర్రన్నంలోనూ, నూనె పెట్టి దువ్వుకున్న తలల్లోనూ పడేది. ఉగాదికి ఓళిగలు చేయాలంటే అమ్మ నెల ముందు నుంచీ బెల్లం దాచేది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా మేము అచ్చనగండ్లు ఆడుతున్నట్టు నటిస్తూ ముక్కులు మాత్రం వేపచెట్టు వైపే పెట్టుకునేవాళ్లం. రవ్వా, నూనె డబ్బాలూ ఓడలో ఏదో దూరదేశం నుంచి వస్తాయని అయ్యవారు చెప్పారు. ఆ పేరు నోరు తిరగక మేము 'ఉప్మా దేశం' అనుకున్నాం. పటంలో ఆయన చూపించిన చోట మా వేళ్లు తగిలి తగిలి కాగితం నల్లబడింది. ఇక ఖాళీ సంచులకు ఊళ్లో ఎంత గిరాకీ! అమ్మలు వాటితో ఆడపిల్లలకు లంగాలు కుట్టేవాళ్లు. వాళ్లు లేచి నడుస్తుంటే వెనకాల పరాయి అక్షరాలు కనబడేవి, మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

నా ఉప్మాలో సగం మా అవ్వది, నాయనను కన్న అవ్వది. బడిలోనే తినేసి పోవాలని రూలు, అయినా నేను తట్ట మీద పలక మూసి ఇంటికి తెచ్చేదాన్ని. అయ్యవారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. జ్వరం పడి లేచాక అవ్వ ఏది పెట్టినా మొహం తిప్పుకునేది. ఉప్మా మాత్రం మెత్తగా చిదుముకుని, కళ్లు మూసుకుని, ఒక్క పలుకు వదలకుండా తినేది.

"సంగటి తినీ తినీ నోరు సచ్చిపోయినాదే. ఇది బాగుండాది," అనేది. ఆమె ప్రాణం ఆ సగం తట్ట మీదే నిలబడిందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు వేపచెట్టు కింద పొయ్యి వెలగలేదు. అయ్యవారు మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. "మన దేశం యుద్ధంలో గెలిచినాది. ఉప్మా పంపే దేశానికి అది నచ్చలేదంట. నచ్చకపోతే పోనీ! ఇంక మనం ఎవురి ముందరా చెయ్యి చాపేది లేదు," అన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, నేను అరచేతులు ఎర్రబడేదాకా కొట్టాను. అంత సంతోషం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు, నిజం.

ఖాళీ తట్టతో ఇంటికి పరిగెత్తాను.

"ఉప్మా యాడే?" అంది అవ్వ.

"మనం గెలిచినాం అవ్వా! ఇంక అడుక్కునేది లేదంట!"

అవ్వ తట్టలోకి చూసింది. "మంచి పని చేసినారు," అంది. కాసేపటికి మెల్లగా, "నిన్ననే చెప్పింటే ఇంకొంచెం తినింటాను కదే," అంది.

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ అంబలి కాచింది, నాయన హిందూపురం పోయి బన్ను తెచ్చాడు. అవ్వకు రెండు గుటకలకు మించి దిగలేదు. ఆ ఏడు సెనక్కాయ విత్తే లోపలే అవ్వ పోయింది. ఎనభై దాటిన మనిషి, ఉప్మా లేకనే పోయిందని నేననను. కానీ ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడా బడి లేదు, పటమూ లేదు, ఓడ కోసం ఎదురుచూసిన అప్పటి మన దేశం కూడా లేదు. మన బియ్యమే ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతోంది. నాకు గర్వమే, ఎందుకు కాదూ? ఆ మధ్య, మనవాళ్లు బియ్యం బయటి దేశాలకు పంపడం ఆపేశారని టీవీలో చెప్పారు. "మనమంటే ఏమనుకున్నారు మరి!" అంటూ మా మనవరాలు ఎగిరి చప్పట్లు కొట్టింది. దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను.

"ఉండు తల్లీ," అన్నాను. "ఆడ ఎవురో అవ్వ కూటికి చూస్తాంటాది."