అడివిరాగిని పాస్ చేసిన అల్లుడు

నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, తర్వాత నవ్వితే టీ గొంతులో పొరబోతుంది! పోయిన నెల మాస్తి దగ్గర మా అత్తగారి ఊళ్ళో నేను చేసిన వ్యవసాయం గురించి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారంట. వాళ్ళ నోట వినేకంటే నా నోటే వినండి.

సంగతేమంటే, మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. "ఇంగ నా వల్ల కాదు, చేను పక్కింటోళ్ళకు గుత్తకిచ్చేస్తా" అనేసింది. నా భార్య సుజాతకు ప్రాణం పోయినంత పనైంది. ఆ చేలో ఆడుకుంటూ పెరిగిన మనిషి. "వద్దమ్మా, మేమే చేసుకుంటాం" అని పట్టుబట్టింది. అత్త నన్ను కిందికీ పైకీ చూసింది. అత్తంటే పరాయిదేం కాదు, మా సొంత మేనమామ పెళ్ళామే. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషికి నా మీద గౌరవం యాడినుంచి వస్తుంది?

"మీ కేజీఎఫ్ బంగారు గనులోళ్ళకు భూమి లోపల ఏముండాదో తెలుస్తాది గానీ, పైన ఏముండాదో తెలీదు గదప్పా!" అనింది. "సరే, ఆ మూలుండే చిన్న చేని ముక్క, ఆ కయ్యలో రాగి పైరుకు కలుపు తియ్యి. అది చూసినాక చెప్తా."

కలుపు తీయడమా? నా ఉద్యోగమే అది కదా! వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ నాది. మంచి పీసు ఇటు, రిజెక్ట్ పీసు అటు, పొద్దస్తమానం ఇదే పని. "ఆదివారం సాయంత్రానికి కయ్య అద్దం మాదిరి ఉంటాది, చూస్కో అత్తా" అన్నాను.

ఆదివారం వాళ్ళిద్దరూ మాలూరులో పెళ్ళికి బయలుదేరినారు. పోతూ పోతూ సుజాత అడిగింది, "బావా, రాగికీ అడివిరాగికీ తేడా తెలుసు గదా?" అని. అడివిరాగి అంటే మెట్ట నేలల్లో దానంతటదే మొలిచే గడ్డి. ఒక్క వాన పడితే చాలు, జరజరా లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు అచ్చం రాగి మొక్కే. "నాకే చెప్తావా?" అన్నాను. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

కయ్యలో దిగి చూస్తే అన్నీ ఒకే రకం! విత్తనం చేత్తో చల్లినారు కాబట్టి సాళ్ళు కూడా లేవు. అయినా నేను కంగారు పడతానా? బాగా పరిశీలించినా. కొన్ని గుబురుగా, బలంగా నేలను కరుచుకుని ఉన్నాయి. కొన్నేమో సన్నగా, దిక్కులేనట్టు నిలబడినాయి. అత్త ఎరువేసి పెంచింది ఏదై ఉంటుంది? బలంగా ఉండేదే! సింపుల్ లాజిక్. గుబురుది పాస్, బక్కది రిజెక్ట్!

ఇంక చూస్కోండి, ఫోన్‌లో పాటలు పెట్టుకుని పీకుడే పీకుడు. చెయ్యి వేస్తే చాలు వచ్చేస్తున్నాయి. ఇంత సులువైన పనికి ఈ ఊరోళ్ళు ఎందుకు మూలుగుతారో అనుకున్నా. పీకినదంతా గట్టు మీద కట్టేసిన అత్త ఆవుకు మోపులు మోపులుగా వేసినా. అది కళ్ళు మూసుకుని నములుతోంది. దానికి కూడా నా పని నచ్చిందని తెగ మురిసిపోయినా. చివర్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని సెల్ఫీ తీసి, 'రైతంటే నేనే' అని స్టేటస్ పెట్టేసినా.

అదే స్టేటస్ పెళ్ళి పందిట్లో ఎవరో అత్తకు చూపించినారు. ఆమె ఫోటోను పెద్దది చేసి చూసిందంట. అంతే, విస్తరి ముందు నుంచి లేచేసింది!

ఆటో దిగి పట్టుచీరలో చేనికడ్డం పడి పరుగు! మోకాళ్ళ నొప్పులు యాడికి పోయినాయో!

"మెల్లగా అత్తా! పని అయిపోయింది లే" అన్నాను ధీమాగా.

"అవునప్పా, అంతా అయిపోయింది" అని అత్త గట్టు మీద కూలబడింది. "రాగినంతా పీకేసి అడివిరాగిని నిలబెట్టినావు గదప్పా!"

"అదెట్లా అత్తా? ఇది ఇంత బలంగా ఉండాదే!"

"బలంగా ఉండాది గాబట్టే గదప్పా పీకమనేది!"

సుజాత వైపు చూసినా. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, కళ్ళ నిండా నీళ్ళు. నా వల్లే చేను చేజారిపోయిందని నిజంగా బాధేసింది. దగ్గరికి పోతే తెలిసింది, అవి నవ్వాపుకోలేక వచ్చిన నీళ్ళు! ఆవు ఆఖరి పిడికెడు రాగి నములుతోంది. దాన్ని చూసి అత్త కూడా ఆగలేకపోయింది.

నవ్వు తగ్గినాక అత్త కళ్ళు తుడుచుకుంది. "పోతే ఒక మూల కయ్యే గదా పోయింది. పొద్దంతా నడుం ఎత్తకుండా పని చేసినావు, పనిదొంగవైతే కాదు. చేను గుత్తకియ్యను లే, సుజాతే చేస్తాది. నువ్వు మాత్రం గట్టు దిగొద్దప్పా, నీకు దండం పెడతా!"

అదీ కథ. ఇప్పుడు ప్రతి ఆదివారం సుజాత చేలో, నేను గట్టు మీద. మూల కయ్యలో నా పంట మోకాలెత్తు పెరిగింది, వెతికినా ఒక్క రాగి మొక్క కనపడదు. నన్ను చూడగానే ఆవు మాత్రం లేచి నిలబడి తోక ఊపుతుంది. నా వ్యవసాయం మీద నమ్మకం ఉండేది ఆ ఊళ్ళో దానికొక్కదానికే!