కో తో పో నేర్పిన బావగారు

మా బావగారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున తంతి వచ్చింది. అల్లూరులో మా ఇంటి ముందు తపాలా బంట్రోతు సైకిలు దిగకముందే మా అమ్మ గుమ్మంలో కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. తంతి వచ్చిందంటే ఎవరో పోయినట్టేనని మా వైపు అందరికీ నమ్మకం. బతికినన్నాళ్ళూ బిట్రగుంట స్టేషనులో కూర్చుని తంతులు కొట్టిన మనిషి కబురు తంతిలోనే రావడం చూసి నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో ఇప్పటికీ తెలియదు.

ఆయన మా అక్క భర్త. రైల్వేవాళ్ళు సిగ్నలరు అంటారు. ఏ బండి వచ్చింది, ఏ బండి బయలుదేరింది అని ముందు స్టేషనుకీ వెనక స్టేషనుకీ మీట మీద టకటక కొట్టి చెప్పే ఉద్యోగం. పెళ్ళిచూపులకి వచ్చిన రోజున కూడా మా వసారాలో కుర్చీ చేతి మీద వేలితో కొడుతూనే ఉన్నారు. "పిల్లోడికి చేతివొణుకు ఉన్నట్టుండాది, కనుక్కోండబ్బా" అని మా మేనత్త వంటింట్లో గుసగుసలు పోయింది. తరవాత ఆ మాట మేమే ఆయనకి చేరవేశాం. పడీపడీ నవ్వారు.

ఆయనకి ఇంకో పిచ్చి ఉండేది. ఎస్పరాంటో అనే భాష. అది ఏ ఒక్క దేశానిదీ కాదు. అన్ని దేశాలవాళ్ళూ సులువుగా నేర్చుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని ఒక పెద్దమనిషి కూర్చిపెట్టిన భాష. రైల్వే కాలనీలో ఉన్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన పుస్తకాలు పంచిపెడితే, ఈయన వంతుకి ఆ భాష నేర్పే పుస్తకం వచ్చింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య కూర్చుని సొంతంగా నేర్చుకున్నారు. ఏదో దేశం నుంచి ఆ భాషలో ఒక పత్రిక కూడా తెప్పించుకునేవారు.

ఆ పత్రిక చివరి పేజీలో కలం స్నేహం కోరేవాళ్ళ ప్రకటనలుండేవి. అన్నీ పొట్టి మాటలే. కొత్తగా చేరినవాళ్ళకి తల తిరిగిపోతుంది. ఈయన మాత్రం పాలకోవా దొరికినట్టు సంబరపడిపోయారు. తంతి మనిషికి పొట్టి మాటలంటే ప్రాణం కదా. "చి.ల.సౌ. అనీ మ.రా.శ్రీ. అనీ రాసుకునేవాళ్ళం, మనకి ఇదొక లెక్కా అమ్మే?" అని నన్ను కూర్చోబెట్టి చెప్పేవారు. ఇంగ్లీషు కె, టి, పి లాంటి మూడక్షరాలు పక్కపక్కన ఉంటే వాళ్ళ భాషలో కో, తో, పో అని చదవాలి. మనం వగైరా అనే చోట వాళ్ళు అది రాస్తారు. బో వో అంటే దయచేసి. పో మో అంటే తపాలా బిళ్ళలు, బో కో అంటే బొమ్మల కార్డులు. కో చో లో అంటే అన్ని దేశాలవాళ్ళతోనూ స్నేహం కావాలని. సో-ఆనో అంటే ఒకే ఆశయం ఉన్న తోటివాడు. ఆ భాష నేర్చుకున్నవాళ్ళు ఒకరినొకరు అలా పిలుచుకుంటారట.

మా అక్క ముందు విసుక్కుంది గానీ, చివరికి సంతకి చీటీ రాసేటప్పుడు బెల్లం, చింతపండు, కో తో పో అని రాసేది. ఇంటిని వాళ్ళు దోమొ అంటారని తెలిసినప్పుడు, "బిట్రగుంటలో క్వార్టరు చూసే ఆ పేరు పెట్టుంటారు బావా" అన్నాను. దానికి ఆయన కోప్పడలేదు. దోమతెర దించుతూ ఆ సంగతి వాళ్ళకి రాస్తానన్నారు.

"పొట్టి మాట వచ్చినోడికి పొడుగు మాట దానంతటదే వస్తుంది" అనేది ఆయన సిద్ధాంతం. మీట ముందు కూర్చున్నవాడికి అది నిజమే కావచ్చు. మాకు మాత్రం పొడుగు మాటలు రాలేదు.

ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే. ఆ భాషని ఒక్కసారి ఇంకో మనిషి నోట వినాలి, తిరిగి జవాబు చెప్పాలి. చదవగలరు, రాయగలరు, కానీ ఎన్నడూ విన్నది లేదు. తను పలికేది సరో కాదో చెప్పేవాళ్ళు నెల్లూరు జిల్లా మొత్తంలో లేరు. స్నానానికి నీళ్ళు తోడుకుంటూ తనలో తానే మాట్లాడుకునేవారు. ప్రశ్న ఒక గొంతుతో, జవాబు ఇంకో గొంతుతో. మేం నవ్వేవాళ్ళం.

అలాంటి మనిషికి జపాను నుంచి ఒక సో-ఆనో వస్తున్నానని రాశాడు. ఆయన బడిపంతులు. మద్రాసు నుంచి కలకత్తా మెయిలులో పోతాడు. బిట్రగుంటలో ఇంజను మార్చినంతసేపు బండి ఆగుతుంది కనక ఆ కాసేపూ మాట్లాడుకుందాం అన్నాడు. బావగారు ఆ రోజుకి సెలవు పెట్టారు. చొక్కాకి గంజి పెట్టించారు. గుర్తుకోసం ఆ భాషవాళ్ళు పెట్టుకునే ఆకుపచ్చ నక్షత్రం రవికగుడ్డతో నా చేత కుట్టించారు. మా అక్కకి జ్వరమని నేను తోడుగా వచ్చి ఉన్నాను. ఆ వారమంతా ఆయన అన్నం సరిగా తినలేదు.

ఆ రోజే ముసురు. గూడూరు అవతల లైను కొట్టుకుపోయి బళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. సెలవులు రద్దు చేసి అందరినీ పిలిచారు. గంజి చొక్కాతోనే వెళ్ళి మీట ముందు కూర్చున్నారు. మెయిలు పొద్దున రావలసింది, సాయంత్రానికి వస్తుందన్నారు. అప్పటికీ ఆయన లేచే వీలు లేదు. చెయ్యి తీస్తే ఎక్కడో ఒక బండి ఆగిపోతుంది. కాలనీ పిల్లవాడితో నాకు కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి మీట కొడుతూనే నక్షత్రం తీసి చేతిలో పెట్టి, "పో అమ్మే, ఆయన్ని ఇక్కడికి పిలుచుకోని రా. నేను కదిలేదానికి లేదు" అన్నారు.

నక్షత్రం భుజానికి గుచ్చుకుని, అప్పుడే వచ్చి ఆగిన మెయిలు పెట్టెలన్నీ వెతుక్కుంటూ వానలో పరిగెత్తాను. చివరి పెట్టెలో కిటికీ దగ్గర నెరిసిన జుట్టు పెద్దాయన నా భుజం మీది నక్షత్రం చూసి ఒక్క కేక పెట్టాడు. దిగి వచ్చి నడుము వంచి దండం పెట్టి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎంత మాట్లాడాడు! ఒక్క ముక్క అర్థం కాలేదు. "సో-ఆనో" అన్నాను. ఆనందంతో చప్పట్లు కొట్టాడు. "కో తో పో" అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ పొట్టి మాటలు కాగితం మీద రాసుకునేవే గానీ నోటితో ఎవరూ అనరని నాకు తరవాత తెలిసింది.

ఆఫీసు వైపు వేలు చూపించి "బో వో, బో వో" అన్నాను. దయచేసి, దయచేసి. దయచేసి ఏం చెయ్యాలో చెప్పే మాట నా దగ్గర లేదు. రండి అనడానికి బావగారు నాకు నేర్పిన పొట్టి మాటల్లో ఏదీ లేదు. ఆఫీసు పక్కనే టీ దుకాణం. టీ తాగమంటున్నాననుకున్నాడో ఏమో, పొట్ట నిమురుకుని వద్దు వద్దని చెయ్యి ఊపాడు. చెయ్యి పట్టుకుని లాక్కుపోదామా అనుకున్నాను. పరాయి మగవాడు, పెళ్ళి కాని పిల్లని, ప్లాట్‌ఫారం నిండా జనం. ఇంతలో గార్డు ఈల వేశాడు. ఆయన పరిగెత్తి ఎక్కాడు. కదిలే బండిలోంచి కూడా మాట్లాడుతూనే ఉన్నాడు.

నేను ఆఫీసు గుమ్మంలోకి వచ్చేసరికి బావగారు మీట మీద కొడుతున్నారు. మెయిలు బయలుదేరిందని తరవాతి స్టేషనుకి చెప్పింది ఆయన చెయ్యే. తల తిప్పకుండా, "వచ్చినాడా?" అన్నారు.

"వచ్చినాడు బావా."

"ఏం జెప్పినాడు?"

"నాకేం తెలుసు బావా?" అని ఏడ్చేశాను.

మీట మీద ఇంకో కబురు కొట్టేసి, "ఎట్టుండాది వినేదానికి?" అన్నారు.

"చేటలో పెసలు పోసినట్టుండాది" అన్నాను.

అప్పటి నుంచి నేను ఎప్పుడు బిట్రగుంట వెళ్ళినా ఒకసారైనా అడిగేవారు. "చివరికి ముందు అక్షరం దగ్గర గొంతు లేపినాడా? పుస్తకంలో అట్టనే ఉండాది." గుర్తులేదు బావా అనేదాన్ని. "పెసలంటివి కదా, మినుములు కాదు కదా?" అని నవ్వించేవారు. మా అక్క ఎదురుగా ఒక్కసారి మాత్రం, "తంతోడి బుద్ధి చూపించినా. ఒక్క నిండు మాట నేర్పించుంటే సరిపోయేది" అన్నారు. ఆ తరవాత నాకు నిండు మాటలు నేర్పడం మొదలుపెట్టారు. బొన్వోలు వేని, దయచేసి రండి. నీళ్ళు తాగుతారా? ఇది మా ఇల్లు. పట్టుబట్టి నేర్చుకున్నాను. మళ్ళీ ఆ దారిన ఎవరూ రాలేదు.

పోయిన ఏడాది ఆయన గొంతులో పుండు లేచింది. మద్రాసు పెద్దాసుపత్రిలో కోసి తీశారు. ప్రాణం నిలబడింది, గొంతు పోయింది. ఆయన కన్నుమూయడానికి కొన్నాళ్ళ ముందు చూడడానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుంటే నా నోరు చూపించి, చెప్పు అన్నట్టు చెయ్యి ఆడించారు. ఏం చెప్పమంటున్నారో అర్థమైంది. బొన్వోలు వేని అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నాకు వచ్చిన మాటలన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పాను. నెల్లూరు యాసలోనే చెప్పుంటాను. అయినా ఆ భాష ఇంకో మనిషి నోట ఆ పూట విన్నారు.

అయిపోయాక కళ్ళు తెరిచి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. చాలా పెద్ద జవాబు. మధ్యలో ఒకచోట నవ్వారు, ఒకచోట ఏదో అడిగి నా ముఖంలోకి చూశారు. నేను దగ్గరికి వంగి చెవి పెట్టాను. గాలి తప్ప ఏమీ వినబడలేదు. ఆ పెదవులు మాత్రం చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.