ఊఁ కొట్టే ఆట

మా గిర్నిలో జొన్నపిండి కంటే అబద్ధం మెత్తగా వస్తుందని మా ఆయన అంటాడు. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. చంద్రాపూర్‌లో మా గల్లీ చివర పిండి గిర్ని పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను. డబ్బా పట్టుకుని వంతు కోసం నిలబడ్డవాళ్ళకు, బెల్టు తిరిగే ఆ మోతలో, ఏదో ఒకటి చెప్పాలి కదా. ఉన్నది ఉన్నట్టు చెప్తే మోతలోనే కలిసిపోతుంది. కొంచెం పెంచి చెప్తే దూరంగా ఉన్నవాళ్ళు కూడా డబ్బా కింద పెట్టి దగ్గరికి జరుగుతారు.

ఈ విద్య నాకు ఆటలో అబ్బింది. నా చిన్నతనమంతా బొగ్గుబాయి కాలనీలో గడిచింది, బాయి అంటే గని. తెలంగాణ నుంచి బాయి పనికి వచ్చిన ఇళ్ళే అక్కడ ఎక్కువ. ఆ ఇళ్ళలో ముసలివాళ్ళు కథ చెప్తుంటే పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది, ‘పన్నవా, నిద్రొచ్చిందా?’ అని నెత్తిమీద ఒక మొట్టికాయ పడుతుంది. దాన్నే మేము ఆట చేసుకున్నాం. కరెంటు పోగానే క్వార్టర్ల ముందున్న మైదానంలో గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఒకరు కోతలు కోయాలి. మిగిలినవాళ్ళు మాటమాటకూ ఊఁ కొట్టాలి, కోత ఎంత పెద్దదైనా సరే. నవ్వినా, ‘అబద్ధం’ అని నోరు జారినా ఓడినట్టే. ఓడినవాళ్ళు తరువాతి కోత కోయాలి. కోయడానికి భయపడే పిల్లలు పెదవి కొరుక్కుని, తొడ గిల్లుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఊఁ కొట్టేవాళ్ళు. నేను మాత్రం కావాలనే ఓడిపోయేదాన్ని.

నాకు పిల్లలు లేరు. మా ఇంటి గోడ పక్క ఇల్లు మా తమ్ముడిది. వాడి కూతురు నడక కంటే ముందు ఊఁ కొట్టడం నేర్చింది. ఇప్పుడు నాలుగో తరగతి. మరాఠీ బడి, నోట్లో సగం మరాఠీ, తెలుగు చదవడం రాదు గాని తెలుగులో నన్ను ఎదిరించడం బాగా వచ్చు. గల్లీలో ఇంకెవరి పిల్లలూ ఈ ఆట ఆడరు. మా కాలనీ పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. ఆడితే ఈ పిల్లే ఆడాలి. ఈమె మానేస్తే ఆ ఆట నాతోనే పోతుంది. ఆ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. పిల్లల నెత్తిన అంత బరువు పెడితే ఆడతారా?

ఒకప్పుడు ఎలా ఆడేదో చెప్తాను.

“మా తాత పులినెక్కి రాజురా సంతకు పోయేటోడు.”

“ఊఁ.”

“వార్ధా నది కాడికి పోంగనే పులి ఆగిపోయింది. దానికి ఈత రాదాయె.”

“ఊఁ.”

“అప్పుడు మా తాతనే పులిని బుజాన ఏస్కొని ఈదిండు.”

“ఊఁ...”

“అవతలి ఒడ్డు నైజాం రాజ్యం. సుంకం నాకా కాడ జవాను అడ్డం నిలవడ్డడు. ‘ఏందిరా బుజం మీద?’ అన్నడు. ‘పిల్లి సాబ్, జర తిండి ఎక్కువైంది’ అన్నడు మా తాత.”

అంతే, పిల్ల గోధుమ సంచుల మీద పడి దొర్లేది. ఆ తరువాత తన వంతు వచ్చి, వాళ్ళ టీచరు చీరకొంగులో ఏనుగును దాచిందని చెప్పేది. నేను నిష్ఠగా ఊఁ కొట్టేదాన్ని.

కరోనా రోజుల్లో బడి ఫోన్లోకి వచ్చింది. బడి మళ్ళీ బడికి వెళ్ళింది గాని ఫోను మాత్రం పిల్ల చేతిలోనే ఉండిపోయింది. నేనేదో ఫోన్ల మీద పగబట్టానని అనుకోకండి. గిరాకీ లేనప్పుడు నేనూ చూస్తాను, పచ్చళ్ళు పెట్టేవాళ్ళనూ, కొట్లాడుకునే అత్తాకోడళ్ళనూ. పిల్లల సంగతి వేరు. సాయంత్రం మా గల్లీ అరుగు మీద వరుసగా కూర్చుని, తలలు వంచుకుని, పక్కపక్కనే ఉండి ఫోన్లో ఒకరినొకరు కాల్చుకుంటారు. చచ్చినవాడు కూడా కదలడు. మా ఆటల్లో చచ్చినవాడు గట్టుమీద కూర్చుని బతికున్నవాళ్ళను తిట్టేవాడు. ఆ తిట్లే సగం ఆట.

ఒకరోజు పులి కోత మళ్ళీ ఎత్తుకున్నాను. పిల్లకు ఇష్టమైన కోత. పులికి ఈత రాదనగానే ఊఁ రాలేదు.

“ఆగత్తా, చూస్త,” అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని మరాఠీలో ఏదో అడిగింది. ఫోన్లో ఒక ఆడగొంతు బదులు చెప్పింది. ఆ గొంతుకు తొందర లేదు, నవ్వూ లేదు.

“పులులకు ఈత మస్తు వస్తదట. నీది ఖోటం,” అంది పిల్ల. ఖోటం అంటే మరాఠీలో అబద్ధం.

“ఓడినవ్ కోడలా! అబద్ధమన్నవ్. ఇగ నీ వంతు, కొయ్యి ఒక కోత.”

“నేనేడ అన్న? ఫోనన్నది. దాన్నే కొయ్యమను.”

నవ్వాను. మంచి మాట అంది మరి. కాని ఆ రోజు తన వంతు కోత కోయకుండానే వెళ్ళిపోయింది.

ఆ తరువాత నేను ఫోనుకు దొరకని కోతలు వెతుక్కున్నాను. మా ఆయన గురకకు గోండ్‌పిప్రి బస్సు దారి తప్పిందన్నాను. మా మరదలు వేసిన మిరపకాయ బజ్జీకి కాకి హిందీ మాట్లాడిందన్నాను. పిల్ల ఊఁ కొట్టేది గాని, కళ్ళు ఫోను మీదే ఉండేవి. ఊఁ కొట్టే గొంతులో నవ్వును ఆపుకునే బిగువు లేదు. వచ్చేదాన్ని ఆపుకుంటేనే కదా ఆట. అసలు రానిదాన్ని ఏం ఆపుకుంటుంది?

ఒక ఆదివారం మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో, రాయి పగలగొట్టే మందు తూటాలు పేలి మా గిర్ని రేకులు గలగలమన్నాయి. పిల్ల నా దగ్గరే ఉంది. ఫోను చార్జింగులో ఉంది కాబట్టి వచ్చింది. సంగతి తెలిసీ సంతోషపడ్డాను.

“మా చిన్నప్పుడు గీ సప్పుడు మీదికెళ్ళి రాకపోయేది, నేల కిందికెళ్ళి వచ్చేది,” అన్నాను.

“ఊఁ,” అంది పిల్ల. ఆటే అనుకుంది.

ఇది కోత కాదు. అయినా ఆ ఊఁ విని ఆగలేకపోయాను, చెప్పుకుంటూ పోయాను. అప్పుడు బాయి భూమి లోపల ఉండేది. మా మైదానం కింద, మేము ఆడుకునే చోటుకు సరిగ్గా కింద, మా బాపులు, అంటే మా నాన్నలు, బొగ్గు తీసేవాళ్ళు. లోపల తూటా పేలే వేళకు పిల్లలమంతా మైదానంలో బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించేవాళ్ళం. ధుప్పున ఒక దెబ్బ వచ్చేది. అది చెవికంటే ముందు దవడకు తెలిసేది. వచ్చీ రాగానే ‘మా బాపు!’ అని ఎవరు ముందు అరిస్తే ఆ దెబ్బ వాళ్ళ బాపుది. మిగిలినవాళ్ళు ఊఁ కొట్టాలి. తూటా ఎవరు పేల్చారో పైనున్న మాకెలా తెలుస్తుంది? ఆటకు అవన్నీ ఎందుకు?

మా క్వార్టర్ల వరుసలో ఒక పిల్ల ఉండేది, నా ఈడుదే. లోపల పైకప్పు కూలి వాళ్ళ బాపు పోయాడు. ఇంట్లో ఏడుపులు తగ్గిన కొన్నాళ్ళకు ఆ పిల్ల మళ్ళీ మైదానానికి వచ్చింది. ఎప్పుడూ పడుకునే చోటే పడుకుని నేలకు చెవి ఆనించింది. ధుప్పుమంది. అందరికంటే ముందు ఆమే అరిచింది, ‘మా బాపు!’ అని. ఎవరి నోటినుంచీ అబద్ధమన్న మాట రాలేదు. అందరం ఊఁ కొట్టాం. పక్కన నా తమ్ముడిని చంకలో కూర్చోబెట్టుకుని ఉన్నాను. పాలు తాగే పిల్లవాడు వాడు, ఆ దెబ్బకు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు.

ఇదంతా చెప్పి జల్లెడ చేతిలోకి తీసుకున్నాను. పిల్ల నన్నే చూస్తూ ఉంది.

“గా గ్రౌండ్ ఏడుందత్తా?”

చెప్పాను. లేచి వెళ్ళి, ఫోను వైరు పీకి తెచ్చింది. వేళ్ళతో తెరను సాగదీసి నా ముందు పెట్టింది. ఆకాశం నుంచి తీసిన బొమ్మ అట. నల్లటి పెద్ద గుంత, మెట్లుమెట్లుగా. అడుగున పచ్చగా నీళ్ళు, అంచున చీమల్లాగా లారీలు.

“ఇగో, ఇదే కదా? గ్రౌండ్ లేదు, క్వార్టర్లు లేవు. అంతా తెరిచే ఉన్నది. కింద మనుషులెట్లుంటరు? ఖోటం.”

“తర్వాత తవ్విన్రు బిడ్డా. కాలనీని లేపేసి, మీదికెళ్ళే తవ్వుకుంట పోయిన్రు.”

“అన్నిటికి గిట్లనే ఏదో ఒకటి చెప్తవ్ నువ్వు.”

“ఇది ఆట కాదు కోడలా. నిజంగ.”

“ప్రతిసారి గట్లనే అంటవ్ గదా!”

అవును, ప్రతిసారీ అలాగే అంటాను మరి.

వాళ్ళ నాన్నకు వీడియో కాల్ చేసింది. మా తమ్ముడు కోర్పనా దిక్కున సున్నపురాయి టిప్పర్ నడుపుతాడు. వాడు టిఫిను తింటూ ఎత్తాడు. పిల్ల అంతా ఏకరువు పెట్టింది. వాడు ముద్ద మింగి ఒకటే నవ్వు.

“మీ అత్త మాటలా? పులిని మోసిన తాత నాక్కూడ తాతనే బిడ్డా, మరి నాకెందుకు తెల్వదు? అక్కా, పిల్లను ఆగం చెయ్యకే!”

“నువ్వు నా చంకల్నే ఉంటివిరా అప్పుడు,” అన్నాను.

“ఊఁ, ఉంటి ఉంటి,” అని వాడింకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎప్పుడూ నవ్వేచోట నవ్వకపోతే మనుషులు కంగారు పడతారు. కాని గోధుమలు జల్లెడ పడుతుంటే చేతులు ఆగిపోయాయి. నేను కోసిన కోతలన్నిటికీ ఊఁ కొట్టిన ఇంట్లో, ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క మాటకు చోటు లేకపోయింది. తప్పు పిల్లది కాదు, తమ్ముడిదీ కాదు. చూపించమంటే చూపించడానికి ఆ నేలే లేదు. తవ్వి ఎటో ఎత్తిపోశారు.

“రేపు బడి నుంచి జల్ది రా. తూటా మళ్ళ పేలుతది. మన వెనక దిక్కు నేలకు చెవి పెట్టి నువ్వే విను,” అన్నాను.

వస్తుందనుకోలేదు. వచ్చింది. బ్యాగు తీసి గోడకు ఆనించి, “ఏడత్తా?” అంది. నా ప్రాణం లేచి వచ్చింది.

గిర్ని బంద్ చేశాను. వెనకవైపు గిన్నెలు తోముకునే చోటు దాటాక కొంచెం మట్టి మిగిలి ఉంది, సిమెంటు పడనిది. గోనెసంచి పరిచి పడుకోబోతే మోకాళ్ళు వద్దన్నాయి, నడుము ఇంకా గట్టిగా వద్దంది. ఎలాగో బోర్లా పడి, చెంప మట్టికి ఆనించాను. డబ్బాతో వచ్చిన పక్క గల్లీ ఆమె తలుపు సందులోంచి తొంగి చూసింది.

“ఏం వదినా, మనుషులు సాల్తలేరా, నేలతోని గూడ ముచ్చట పెడుతున్నవ్?”

“నువ్వు జర ఊకో! వచ్చే వేళయింది,” అన్నాను.

“నువ్వు గూడ పండు బిడ్డా, నా పక్కకు,” అని సంచి కొంచెం లాగి చోటిచ్చాను.

పిల్ల తన తెల్ల యూనిఫాం వైపు చూసుకుంది. “మమ్మీ కొడ్తది,” అంది. తరువాత ఏదో మంచి ఉపాయం తట్టినట్టు మొహం వెలిగింది. ఒక్క పరుగున పక్కింటికి పోయి ఫోను తెచ్చి, ఏదో నొక్కి, నా మొహం పక్కనే మట్టి మీద పెట్టింది. “రికార్డ్ అయితది. తర్వాత విందం,” అని గొంతుకూర్చుంది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరింట్లోనో నీళ్ళ మోటరు తిరుగుతోంది. అది ఆగింది. అప్పుడు వచ్చింది. రేకులు కూడా కదలలేదు, అంత చిన్నది. ఎక్కడో చాలా దూరంలో పుట్టి, నేలలోంచి నడిచి వచ్చి, నా దవడ ఎముకను ఒక్కసారి తాకి పోయింది.

“వచ్చింది! విన్నవా?” అన్నాను.

“ఆగు,” అని పిల్ల ఫోను తీసుకుంది. మట్టి తుడిచి, చప్పుడంతా పెంచి, చెవికి పెట్టుకుంది. మొహంలో ఏమైనా మారుతుందేమోనని పడుకునే చూస్తున్నాను. అయ్యేదాకా శ్రద్ధగా విన్నది, ఆ మాట చెప్పాలి. తరువాత నాకూ వినిపించింది. గాలి గీరినట్టు చప్పుడు, దాని మీద బరువుగా ఎవరిదో ఎగశ్వాస. కాసేపటికి ఆ శ్వాస నాదేనని తెలిసింది.

“నీ ఊపిరే ఉన్నదత్తా. ఇంకేం లేదు,” అంది పిల్ల. గెలిచినట్టు అనలేదు. మెల్లగానే అంది. “తీసేద్దునా?”

“తియ్యి బిడ్డా,” అన్నాను.

వేలితో తాకి తీసేసింది. ఫోను జేబులో పెట్టుకుని, నన్ను లేపడానికి రెండు చేతులూ చాచింది.