కోటు తొడిగిన వాక్యం

నా పరిశోధనకు గైడుగా ఉన్న ఆచార్యులు గుంటూరు ఎండల్లో కూడా కోటు విప్పేవారు కాదు. థీసిస్‌లోని ఇంగ్లీషుకూ అదే మర్యాద ఉండాలనేవారు. "వాక్యం కోటు తొడుక్కుని రావాలయ్యా," అంటూ ఎర్ర పెన్ను మూత తీసేవారు.

ఎనభైల నాటి మాట. నాది మిర్చి రైతుల మీద పరిశోధన. ధర పడిపోయిన రోజు మార్కెట్ యార్డులో రైతులు ఏడ్చారని, చూసింది చూసినట్టు ఇంగ్లీషులో రాశాను. ఆయన అది కొట్టేసి, "రైతులలో కొంత అసంతృప్తి గమనించబడినది" అనే అర్థం వచ్చేలా దిద్దారు.

"ఏడుపులు యార్డులోనే వదిలేసి రా. యూనివర్సిటీకి అసంతృప్తి చాలు," అన్నారు.

ఆ వేసవిలోనే, పొదిలి దగ్గర ఆయన తమ్ముడు పండించిన మిర్చి యార్డుకు వచ్చింది. ధర మళ్లీ పడింది. నేను వెళ్లేసరికి ఆయన కోటు ఒక బస్తా మీద పడి ఉంది. ఆయన కమీషన్ ఏజెంటు చొక్కా పట్టుకుని ఉన్నారు.

"ఏరా, మా తమ్ముడు ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుంటే చేతిలో పెట్టేది ఇదా?"

అలా అరుస్తూనే, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. నేను పలకరించకుండా వచ్చేశాను. నన్ను చూశారో లేదో తెలియదు.

తర్వాతి వారం, రైతులు ఏడ్చారన్న వాక్యాన్నే మళ్లీ రాసి ఇచ్చాను. ఆయన దాన్నీ కొట్టేశారు. పైన పాత దిద్దుబాటే రాశారు. పెన్ను మూత పెట్టారు. మళ్లీ తీసి, "కొంత" కొట్టేసి "గణనీయమైన" అని మార్చారు.

"ఇంతకు మించి ఇంగ్లీషు ఒప్పుకోదయ్యా," అన్నారు, కోటు గుండీ పెట్టుకుంటూ.