ఫ్యానుకు కట్టిన పంచె ముక్క

మా అమ్మది పెద్ద గొంతు. మిర్చి యార్డులో కాటా వేసే నాన్నను ఇంటి మెట్ల మీద నిలబడే అన్నానికి పిలిచేస్తుందని వీధిలో వాళ్ళు వెక్కిరించేవారు. మా ఇల్లు యార్డు వెనక సందులోనే కాబట్టి అందులో పెద్ద అబద్ధం కూడా లేదు. అలాంటి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక రాదు అన్నారు డాక్టరు గారు. ప్రాణం దక్కుతుందంటే దణ్ణం పెట్టాలి. నాకు మాత్రం ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆపరేషనుకు ఇంకా కొద్ది రోజుల వ్యవధి ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. అప్పట్లో నేను ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసేవాణ్ణి. ఒక మైకు కొనుక్కొచ్చి అమ్మను దాని ముందు కూర్చోబెట్టాను. తీరా రికార్డు చేసి వింటే అమ్మ మాట వెనక ఒకటే హోరు. కంప్యూటరు పెట్టెలో హార్డ్ డిస్కు ముందు ఒక ఫ్యాను ఉండేది. గుంటూరు ఎండకు డిస్కు మాడిపోకుండా గాలి కొట్టడం దాని పని. మైకుకు అమ్మా ఒకటే, ఆ ఫ్యానూ ఒకటే.

"ఆ పిండి మర ఆపరా నాయనా, నా మాట నాకే వినపడట్లా" అంది అమ్మ.

ఆపితే డిస్కు కాగిపోతుంది. డిస్కు పోతే అందులో దాచినదంతా పోయినట్టే. అందుకని ఫ్యానును అదుపులో పెట్టే ప్రోగ్రామ్ ఒకటి సంపాదించి ఎక్కించాను. డిస్కు చల్లగా ఉన్నంతసేపు ఫ్యాను చప్పుడు లేకుండా మెల్లగా తిరుగుతుంది, వేడెక్కితే దానంతటదే వేగం అందుకుంటుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కూర్చుంటే గది నిశ్శబ్దంగా ఉండేది.

నిశ్శబ్దం వచ్చేసరికి అమ్మకు మాటలు రాలేదు. బతుకంతా ఎవరూ అడక్కుండానే మాట్లాడిన మనిషి, మాట్లాడమంటే సిగ్గుపడిపోయింది. పక్కింటి వాళ్ళ గేదె గురించి కాసేపు, గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ గురించి కాసేపు చెప్పి ఆగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాన్న, "రోజూ పిలిచినట్టు ఒకసారి పిలువు, చాలు" అన్నాడు.

అమ్మ పమిట సర్దుకుంది. "ఏమయ్యా, అన్నానికి రా! చారు చల్లారిపోతంది!"

మైకు అదిరిపోయింది. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు కూడా అందులో పడింది.

ఆపరేషను అయ్యాక అమ్మ మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి అక్కణ్ణుంచే. మిర్చి ఘాటూ దుమ్మూ లోపలికి పోకుండా పల్చటి నూలు గుడ్డ తడిపి కట్టమన్నారు డాక్టరు గారు. నాన్న తన పాత పంచె ఒకటి ముక్కలుగా చింపి, ఉతికి దాచాడు. రోజూ గుడ్డ తడిపి అమ్మ మెడకు తనే కట్టేవాడు. బస్తా మూతి బిగించే చేతులతో ఆ ముడి మాత్రం వదులుగా వేసేవాడు.

అన్నం వేళకు అమ్మ కంచం మీద గరిటెతో కొట్టేది. నాన్న వచ్చేవాడు, కానీ ముందు నా గదిలోకి వచ్చేవాడు. "ఒకసారి పెట్టరా" అనేవాడు. ఆ పిలుపు విన్నాకే కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చునేవాడు. అమ్మ వంటింట్లోంచి వింటూ ఉండేది. తన గొంతు తాను వింటూ ఏమనుకునేదో నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

మిర్చి సీజను వచ్చింది. యార్డు నిండిపోయి లారీలు మా సందు దాకా బారులు తీరాయి. కీబోర్డు మీద చెయ్యి వేస్తే వేళ్ళకు ఎర్రటి దుమ్ము అంటుకునేది. ఒక రోజు మధ్యాహ్నం అన్నం వేళకు ముందే కంప్యూటరు ఆన్‌లోనే ఉంచి ప్రెస్సుకు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాను. అమ్మ మెట్ల మీదే ఉంది. నన్ను చూడగానే చెయ్యి గిరగిరా తిప్పి చూపించింది. ఫ్యాను హోరు సందులోకే వినపడుతోంది.

లోపలికి పరిగెత్తాను. కంప్యూటరు పెట్టె ముందు వైపు, గాలి లోపలికి పోయే చిల్లుల మీద, తడిపి కట్టిన గుడ్డ ఒకటి పురికొసతో బిగించి ఉంది. గుడ్డంతా ఎర్రగా దుమ్ము పేరుకుంది. లోపల ఫ్యాను గాలి అందక గింజుకుంటోంది. పెట్టె మూత తీసి డిస్కు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. టక్ టక్ మని కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. సీజను అయ్యాక సీడీలోకి ఎక్కిద్దామనుకున్న అమ్మ మాటలన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాత దాన్ని విజయవాడ దాకా మోసుకెళ్ళాను, అక్కడి రిపేరువాళ్ళూ పెదవి విరిచారు. నాకు మాత్రం ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

యార్డు నుంచి నాన్న రాగానే, "ఎవరు కట్టారిది?" అని అరిచాను.

"నేనేరా. మజ్జానం అన్నానికొచ్చినప్పుడు కట్టా. మీ అమ్మకు కట్టమన్నారుగా డాక్టరు గారు" అన్నాడు నాన్న. "ఆమె గొంతు ఇందులోనే ఉందిగా. ఘాటు తగులుద్దేమోనని..."

అమ్మ గొంతు పోయిందని చెప్పాను. గుడ్డలోంచి మనిషి ఊపిరి పీల్చుకోగలడు గానీ ఈ పెట్టె పీల్చుకోలేదని చెప్పలేకపోయాను. చెప్పి ఎవరిని దెబ్బలాడాలి? గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు, ఆ రోకలి ఇంత ప్రేమగా పడుతుందని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అన్నం వేళ అయింది. అమ్మ కంచం మీద కొట్టింది. నాన్న కంప్యూటరు ముందు నేల మీద కూర్చున్నవాడు లేవలేదు. అమ్మ మళ్ళీ కొట్టింది. నాన్న తల కూడా ఎత్తలేదు.

అప్పుడు అమ్మే వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి పమిట సర్దుకుంది. పెదవులు కదిలాయి. చప్పుడు లేకపోయినా ఏమంటోందో నాకు తెలుసు. ఒక్కో మాటకూ మెడ మీది పంచె ముక్క ఉబ్బి, మళ్ళీ అణుగుతోంది.

నాన్న ఆ గుడ్డనే చూశాడు. చారు చల్లారిపోతోందన్న మాట దాకా పూర్తిగా చూశాడు.

"వస్తన్నానే" అని, నేల మీద చెయ్యి ఆనించి లేచాడు.