అత్త ముడేసిన కొంగు

మా అత్త పోయిందని కుప్పం నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. చెప్పి, మంచినీళ్లు అడిగాడు. నా భార్య నీళ్లిచ్చి లోపలికి వెళ్లి కూర్చుంది. దినాలు ముగించుకుని పుంగనూరు తిరిగొచ్చాం. అలసట ఇంకా తీరలేదు. జమాఖర్చులు తప్ప నేను రాసి ఎరగను. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే మనిషి కాదు ఆమె. మా ఇంటికొచ్చినా తలుపు చాటునే ఉండి, "అన్నానికి రమ్మని చెప్పమ్మా" అని కూతురితో అనేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

యుద్ధం రోజుల్లో నా భార్యకు తొలికాన్పయింది. అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. బిడ్డను చూసి ఎవరిదని అడిగేది. ఒక పొద్దున బావి గట్టెక్కింది. ఎట్లాగో పట్టుకున్నాం. గాలి సోకింది, వేపమండలతో కొట్టేవాణ్ణి పిలవమని వీధిలో అన్నారు. పురుడు తీరని బాలింత గడప దాటకూడదన్నారు. అప్పుడు, కాన్పుకని వచ్చి ఉన్న అత్త తలుపు చాటు వదిలి నా ముందుకొచ్చింది.

"మైల నీళ్లతో పోతాది. నా బిడ్డ పోతే యాడ తెచ్చుకునేది? మదనపల్లె ఆసుపత్రికి పోదాం పదప్పా."

కట్టేయడానికి ఎవరో తాడిచ్చారు. ఆమె దాన్ని తిరిగిచ్చేసి, పెళ్లిలో వేసినట్టు తన కొంగును కూతురి కొంగుకు ముడేసింది. పసివాణ్ణి పక్కింటి బాలింత దగ్గర వదిలి బయల్దేరాం.

పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సు మిట్ట ఎక్కలేక నిలిచిపోతే దిగి తోశాం. పిచ్చిదాన్ని ఎక్కించుకుంటే ఇంతేనని ఒకాయన గొణిగాడు.

"దానికి నిద్దర లేదప్పా. నిన్ను గూడా నిద్దరపోనీకుండా పెట్టి, ఏమైతావో సూస్తామా?" అంది అత్త. ఆయనే ముందు నవ్వాడు. జరిగి చోటిచ్చాడు.

ఆసుపత్రిలో నర్సు ఆమెను బయట ఉండమంది. అత్త ముడి చూపించింది, విప్పలేదు. లేడీ డాక్టరు ఉండనిచ్చింది. కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుందని చెప్పి, ముందు నిద్ర పట్టాలని మందు తాగించింది. నా భార్య ఉమ్మేసింది. అత్త కోప్పడలేదు. తనూ ఒక చుక్క నాలుకకు రాసుకుని, "చేదేమ్మా. నాకూ చేదే" అంది. అప్పుడు కూతురు మింగింది.

తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత అత్త మళ్లీ తలుపు చాటుకే వెళ్లిపోయింది. నా కొడుక్కి తల్లి ఉందంటే ఆమె వల్లే.

ఆసుపత్రిలో మందు మింగిన ఆ మధ్యాహ్నమే గుర్తొస్తోంది. తల్లి ఒడిలో తల పెట్టుకుని నా భార్య నిద్రపోయింది. నేను మజ్జిగ తెస్తే అత్త వద్దని కళ్లతోనే చెప్పింది. కిటికీలోంచి ఎండ మెల్లగా కూతురి మొహం మీదికి జరిగింది. అత్త ముందుకు వంగి ఆ ఎండను తన వీపు మీదికి తీసుకుని, అట్లాగే ఉండిపోయింది.